మోటారుబండి మూలలు



అమరసింహుడు తన కోశమున క్షత్రియవర్గమునందు రథమును గూర్చి చెప్పుచు, చక్రపు అంచునకు నేమి యనియు, నడిమి కుదురునకు నాభి యనియు, ఇరుసు చివర దిగగొట్టు కడచీలకు సైతము ఆణి యనియు పేళ్ళు తెలిపినాడు. రథము తోలువానికి సూతుడు, సారథి, యంత, క్షత్త మొదలుగా పెక్కు నామములు చెప్పినాడు. యుద్ధమునుండి మరలివచ్చిన రథమున ఆకులసందుల గట్టిపడిన బురదను గోకి కడిగినవాని పేరు మాత్రము ఆ వరుసలో కానరాదు. పని లేకపోలేదు, పేరు లేదు. ఆ కొఱతను మన తెలుగువారు లారీలు వచ్చిన పిదప ఇంగ్లీషునుండి తెచ్చుకొన్న యొక మాటతో తీర్చుకొన్నారు. అదియే క్లీనరు. డ్రైవరు ప్రక్కన కూర్చుండువాడు, చక్రము మార్చువాడు, నీళ్ళు పోయువాడు, సరకు కాచువాడు, అందఱును క్లీనరే. ఇన్ని పనులు చేయువానికి పేరు మాత్రము తుడుచుటనుబట్టి వచ్చినది.

నేటి ప్రసంగమున నేను చెప్పదలచినది ఆ తుడుచుట యొక్క చరిత్ర. అందును, బండి పైభాగమును గాక, చేయి దూరని తావులను తుడుచుట యొక్క చరిత్ర. మోటారుబండికి రంగు వేయు విద్యయు మెఱుగు పెట్టు విద్యయు పుట్టినది మొదలు పలుమాఱులు రూపు మార్చుకొన్నవి. మార్పు వచ్చినప్పుడెల్ల బండి ముఖమున పని తగ్గినది. సందులలో పని తగ్గలేదు; కొన్నియెడల పెరిగినది. బండికి చేటు మూడుటయు నా సందులలోనే గనుక ఈ విషయము ధనికుల విలాసముగా త్రోసివేయదగినది కాదు.

మోటారుకు ముందు ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో కోచిబండ్లను సిద్ధపఱచు విధమును మొదట తెలిసికొనవలయును. ఆ బండికి రంగు వేయుట దినములతో తీఱు పని కాదు, వారములు పట్టెడిది. కొయ్యపై ముందుగా సీసపు తెల్లరంగును అవిసెనూనెతో కలిపి పూసెడివారు. దానిపై కొయ్యలోని రంధ్రములు పూడుటకు మందపు పూతలు, ఒక్కొక్క పూత ఆఱిన పిదప అగ్నిపర్వతముల దొరకు నురుగురాతితో, నీటితో అరగదీయుట, ఆపై రంగు, రంగుపై వార్నీషు, వార్నీషును మరల మిక్కిలి మెత్తని రాతిపొడితో ఒరయుట, మరల వార్నీషు. ఇంత శ్రమతో వచ్చిన కాంతి అద్దమువలె నుండెడిది గాని దాని యాయువు అల్పము. అందుచేత కోచిమానులు కొన్ని నియమములు పాటించెడివారు. బురద బండిపై ఆఱరాదు. ఆఱినదానిని పొడిగుడ్డతో తుడువరాదు, ఏలయన బురదలోని యిసుక వార్నీషును గీయును. నీరు ధారగా పోసి నాననిచ్చి జాఱవిడువవలయును. గుఱ్ఱపుసాలకు బండికొట్టము దూరముగ నుండవలయును. సాలనుండి లేచు అమోనియా యావిరి వార్నీషు కాంతిని హరించును.

చక్రములమాట వచ్చునప్పటికి ఈ నియమములు చాలవు. బండి నిలిచియుండగా చక్రపు ఆకులలో నేలవైపున నున్నవి అందవు. కావున ఇరుసు క్రింద ఊతకొయ్యతో ఎత్తి, చక్రము గాలిలో తిరుగునట్లు చేసి, తిరుగుచుండగా నీరు పోసి కడిగెడివారు. ఆకుల నడుమ దూరుటకు పొడుగాటి వెండ్రుకల కుంచె వేఱుగ నుండెడిది. నాభియొద్ద కందెన ఊఱి, దానికి దుమ్ము అంటి, నల్లని ముద్దయగును. ఆ ముద్దను తాకిన గుడ్డతో పెట్టెభాగమును తుడిచిన యెడల ఆ గుడ్డయే రంగునకు శత్రువు. కావున చక్రములకు ఒక గుడ్డ, పెట్టెకు ఒక గుడ్డ. నేడు పట్టణములలో కారు తుడుచు చోట్ల రెండు బక్కెట్లు పెట్టుకొని, ఒకటి చక్రములకు, ఒకటి పైభాగమునకు అనుచున్నారు. అది నూతన శాస్త్రముగా వినబడును గాని గుఱ్ఱములనాటి నియమమే.

ఇచ్చట సీసపు తెల్లరంగును గూర్చి ఒక్కమాట చెప్పక దాటరాదు. పొడిగా అరగదీసినప్పుడు లేచు ధూళి పనివాని ఊపిరితో లోనికిపోయి, కడుపులో శూలను, మణికట్టు వ్రాలిపోవు జబ్బును తెచ్చెడిది. ఇటలీ దేశపు వైద్యుడు రమజ్జీని 1700 సంవత్సరమున పనివాండ్ర రోగములను గూర్చి వ్రాసిన గ్రంథమున చిత్రకారులకును రంగుల విషము తగులుటను చెప్పియున్నాడు. అయినను 1921లో గాని అంతర్జాతీయ కార్మికసంస్థ ఈ రంగును నిర్బంధించు ఒడంబడికను చేయలేదు. అదియు కట్టడముల లోపలి పూతలను గూర్చినది, బండ్లను గూర్చినది కాదు. నీటితో తడిపి అరగదీసినయెడల ధూళి లేవదు. కాని వంకరలలోను, మూలలలోను, చెక్కడపు గాళ్ళలోను రాతిబిళ్ళ పట్టదు. అచ్చట వ్రేలికి కాగితమో గుడ్డయో చుట్టుకొని గోకవలసినదే, ముఖము దగ్గఱగా పెట్టవలసినదే. కోచిబండిలో ఎచ్చట శిల్పము ఎక్కువగ నున్నదో అచ్చటనే పనివానికి విషమును ఎక్కువగ తగిలెడిది. రాజుల బండ్లను ప్రదర్శనశాలలలో చూచి మెచ్చుకొనువారు ఈ సంగతిని గూడ ఎఱిగియుండుట మంచిది.

1886లో జర్మనీదేశమున కార్ల్ బెంజి తన మూడుచక్రముల మోటారుబండికి అధికారపత్రము పొందెను. దాని చక్రములకు కొయ్య ఆకులు లేవు. సైకిలువలె సన్నని తీగలున్నవి. తేలికయైనది గాని, తుడుచువాని పక్షమున చూచినయెడల చక్రమునకు సందులు ఎక్కువైనవి. గుఱ్ఱము పోయి నూనె వచ్చినది. ఇంజనునుండి చిందు నూనెయు, మట్టిబాటల దుమ్మును కలసి అడుగుభాగమంతయు జిగటపూతయైనది. ఫ్రెంచిభాషలో షోఫరు అను మాటకు నిప్పు రాజేయువాడని అర్థము, ఆవిరియంత్రములనాటి పేరు. వానికి తోలుట యొక గంట పనియైన తుడుచుట రెండుగంటల పని.

ఆ కాలపు కార్లలో ఇత్తడి విశేషము. దీపములు, కొమ్ముబూర, ముందునున్న నీటిపెట్టె చట్రము, అన్నియు ఇత్తడివే. వానతడి తగిలిన ఇత్తడి ఒక్కరాత్రిలో మాసిపోవును. 1905 ప్రాంతమున ఇంగ్లండులో బ్రాసో అను ద్రవము అమ్మకమునకు వచ్చినది. అందు అమోనియాయు, మెత్తని రాతిపొడియు నుండెడివి. ఒకటి మాలిన్యమును కరగించును, ఒకటి ఒరసి తీయును. మన గృహిణులకు ఈ విద్య క్రొత్తది కాదు. చింతపండు పులుసులోని ఆమ్లము చిలుమును కరగించును, ఇటుకపొడి ఒరయును. దీపపు సెమ్మె మెడయొద్ద, చెంబు అంచుక్రింద, గంట పిడి మలుపులలో కొబ్బరిపీచును పురిపెట్టి దూర్చి లాగుదురు. కాని రెండు విధములయందును ఒక దోషమున్నది. బ్రాసో సందులో మిగిలి ఆఱినయెడల తెల్లని పొడియై నిలుచును. చింతపండు మిగిలినయెడల తెల్లవాఱుసరికి పచ్చని చిలుము పుట్టును. మెఱుగు పెట్టుటకు తెచ్చినదే మూలలో మురికియై నిలుచుట ఈ చరిత్రలో మొదటినుండి తుదివఱకు కనబడును.

1908లో హెన్రీ ఫోర్డు టీ నమూనా కారును వెలువరించెను. 1913 తుదిభాగమున కదలెడు వరుసపై బండ్లను కూర్చు పద్ధతి వచ్చినది. వారములు పట్టు వార్నీషు ఆ వేగమునకు సరిపోదు. కావున నల్లని ఎనామెలును పూసి పొయ్యిగదులలో కాల్చి ఆఱబెట్టిరి. 1914 మొదలు 1925 వఱకు ఆ బండి నలుపున తప్ప దొరకలేదు. మడ్గార్డులవంటి విడిభాగములను పూత తొట్టిలో ముంచియో, పూతను ధారగా పోసియో తీసెడివారు. ముంచినయెడల సందులకును పూత అందును. అది మేలే గాని, ముంచిన పూత పైనుండి జాఱి క్రింది అంచున మందమై, పదునైన అంచులయొద్ద పలుచనగును.

1924 నమూనాగా ఓక్లండు అను కారు నీలవర్ణముతో అంగడికి వచ్చినది. డూపాంటు కంపెనీవారి డ్యూకో అను లాకరు పూత దానికి వేసిరి. దూదిని ఆమ్లములతో మార్చి ద్రావకమున కరగించి చేసిన పూత అది. నిమిషములలో ఆఱును, అన్ని రంగులు దొరకును. అయితే తుపాకివంటి పరికరముతో చిమ్మిన లాకరు ఆఱినంతట మెఱయదు, మందకాంతితో నుండును. దానిని రుద్ది మెఱపించవలయును. రంగు వేయువాని పని తగ్గి రుద్దువాని పని పెరిగినది. వెడల్పైన తలుపుమీద త్రిప్పుడుయంత్రము పెట్టవచ్చును గాని, తలుపు పిడి క్రిందను, దీపము వెనుకను, మడ్గార్డు వచ్చి పెట్టెతో కలియు మలుపునందును చేతితోనే రుద్దవలసివచ్చెను. అచ్చట తక్కువ రుద్దిన మందముగ కనబడును, ఎక్కువ రుద్దిన అంచున పూత లేచి అడుగు బయలుపడును.

ఈ కాంతిని నిలుపుటకు మైనము వాడుక యైనది. సైమనైజ్ వంటి మైనములు 1910 ప్రాంతమున అమెరికాలో వెలసినవి. వీనిలో మేలైన సరకు బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున పెరుగు కార్నూబా తాటిజాతి చెట్టునుండి వచ్చును. అనావృష్టిలో నీరు ఎగిరిపోకుండ ఆకు తనకు తాను పూసికొనెడి మైనము అది. ఆకులను కోసి, ఎండబెట్టి, దులిపి తీయుదురు. ఎనుబది డిగ్రీల సెంటిగ్రేడునకు పైన గాని కరగదు గనుక మన యెండలకు సైతము నిలుచును. ఇదియు సందులలో ఆఱి తెల్లని గీతలై, రబ్బరు అంచులయందును పేరు అక్షరముల చుట్టును నిలుచును. ఆ గీతలను తీయుటకు పండ్లుతోము కుంచెను మించినది దొరకలేదు. చిత్రమేమన, పందివెండ్రుకలకు మాఱుగా నైలాను పోగులతో ఆ కుంచె 1938లో వచ్చినది. ఆ నైలాను చేసినవారును డ్యూకో చేసిన డూపాంటువారే. ఇట్లే 1923లో లియో గెర్‌స్టెన్‌జాంగు అనునాయన పసిబిడ్డలకొఱకు చేసిన దూదిపుల్ల నేడు కార్లలో గాలివచ్చు జాలీల రెక్కల నడుమ దుమ్ము తీయుచున్నది.

మన హైదరాబాదునందే ఈ చరిత్రకు ఒక సాక్ష్యమున్నది. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను తెప్పింపగోరిన రోల్సు రాయిసు సిల్వర్ ఘోస్టు, 1912 నాటిది, చౌమహల్లా ప్రాసాదమున నున్నది. లండనులోని బార్కరు కంపెనీవారు దాని పెట్టెను నిర్మించిరి. పసుపువన్నె, లోపల సింహాసనమువంటి పీఠము. బండి వచ్చులోపల, 1911లోనే, ఆ ప్రభువు గతించెను. తరువాత అది నాలుగువందల మైళ్ళైన నడవలేదని ప్రతీతి. చూచువారికి నడవని బండి చెడదని తోచును. అది పొరపాటు. నడచు బండిలో నీరు కదలి కాఱిపోవును; నిలిచిన బండిలో తేమ చేరినచోటనే నిలిచి ఇనుమును తినును, రబ్బరు బిగిసి పగులును, బట్టలో పురుగు చేరును. దశాబ్దములు నిలిచిన పిదప మరమ్మతు చేయించినందుననే నేడది చూడదగినదై యున్నది. ఆ పీఠముముందు నిలిచి ఫొటోలు తీసికొను జనము బండి చక్రములవంక చూడరు. నేను పిల్లలను తీసికొనిపోయినప్పుడెల్ల మొదట అవియే చూపెడివాడను.

ఇక తుప్పును గూర్చి. తొలికాలపు కారులో చట్రము వేఱు, దానిపై పెట్టె వేఱు. 1922లో ఇటలీ దేశపు లాంచియా లాంబ్డా, 1934లో ఫ్రాన్సు దేశపు సిట్రోయెను బండి, పెట్టెనే చట్రముగా చేసిన నిర్మాణమునకు మార్గము చూపినవి. రేకులను మడిచి, అతికి, లోన బోలుగా నుండు అఱలుగా చేసినయెడల తేలికయును బలమును కలుగును. మంచి యుపాయము. కాని ఆ బోలులోనికి చేయి పోదు, చూపు పోదు, నీరు మాత్రము పోవును. మన రోడ్లపై 1957 మొదలు 2014 వఱకు తయారైన అంబాసిడరు కారు అట్టిదే. తలుపు అద్దము దిగు సందునుండి వాననీరు తలుపులోనికి జాఱును. అది పోవుటకు తలుపు అడుగున చిన్న బెజ్జములు ఉంచుదురు. బురదయో, ఆకులచెత్తయో, ఎవడో శ్రద్ధగా రుద్దిన మైనమో ఆ బెజ్జములను మూసినయెడల తలుపు కుండయగును. పైకి రంగు నిగనిగలాడుచుండగనే ఒకనాడు అడుగు అంచున బుడిపెలు లేచును. వ్రేలితో నొక్కిన వ్రేలు లోనికి పోవును.

ఇనుమునకు తుప్పు పట్టుటకు నీరును ప్రాణవాయువును రెండును కావలయును. సందున బురద క్రింద ప్రాణవాయువు తక్కువ గదా, అచ్చట తుప్పు తగ్గవలదా యని శ్రోతలు అడుగవచ్చును. జరుగునది విపరీతము. తడిసిన రేకుపై ఒకచోట ప్రాణవాయువు ఎక్కువగ, ఒకచోట తక్కువగ నున్నప్పుడు ఆ రెండుచోట్లును కలసి చిన్న విద్యుత్‌ఘటమువలె పనిచేయును. అందు క్షీణించునది ప్రాణవాయువు తక్కువైన తావు, అనగా కప్పబడిన తావు. ఉప్పు కలసినయెడల విద్యుత్తు సులభముగ పాఱి క్షయము వేగమగును. విశాఖపట్టణము, మచిలీబందరు వంటి సముద్రతీరపు ఊళ్ళలో కార్లు వేగముగ పాడగుటకు ఇది హేతువు. శీతదేశములలో మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు గనుక అచ్చట ప్రతి యూరును బందరే.

ఈ వ్యాధికి మందు ఆ విద్యుత్తునందే దొరకుట ముచ్చటైన విషయము. 1960 దశకమున అమెరికాలో ఫోర్డు కంపెనీయందు జార్జి బ్రూవరు అను రసాయనవేత్త పూనికవలన, బండిపెట్టెను రంగుకలిపిన నీటితొట్టిలో ముంచి విద్యుత్తు పాఱించు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. రంగుకణములు విద్యుత్తుచే ఆకర్షింపబడి ఇనుముపై పేరుకొనును. పేరుకొన్నచోట పూత విద్యుత్తునకు అడ్డమగును. అప్పుడు విద్యుత్తు పూతలేని తావును వెదకుకొని పోవును. పైభాగము నిండిన పిదప మడతలకు, మూలలకు, బోలు అఱలకు చేరును. ఏ కుంచెయు, ఏ చేయియు చొరని తావును తానే వెదకి పూయు పూత ఇది యొక్కటే. 1970 దశకమున ధ్రువములను తారుమాఱు చేసి, బండిని ఋణధ్రువముగా పెట్టినప్పటినుండి దాని రక్ష మఱింత బలపడినది. ఈ చరిత్రలో మూలలకొఱకు, మూలలను తలచుకొని చేసిన మొదటి గొప్ప సాధనమిది యని నా యభిప్రాయము. తక్కినవన్నియు ముఖముకొఱకు చేసినవి.

అంతటితో క్లీనరు పని పోయినదా యన, పోలేదు. రోడ్డుమీది రాయి తగిలి పూత లేచినచోట కథ మరల మొదలగును. బెజ్జములు మూసికొనిపోవుట మానలేదు. పైగా నేటి కార్లలో రంగుపై వర్ణములేని పారదర్శకపు పూత యుండును. దాని మందము మిల్లీమీటరులో నూఱింట నాలుగైదు భాగములు, అనగా మన వ్రాతకాగితపు మందములో సుమారు సగము. రుద్దినప్పుడెల్ల అది కొంత తరుగును. అంచులయొద్ద అది ముందే పలుచన. అందుచేత ఎఱిగిన పనివాడు త్రిప్పుడుయంత్రమును పట్టుటకు ముందు అంచులమీదను, రబ్బరులమీదను కాగితపు పట్టీ అంటించి కప్పును. యంత్రము పని ముగిసిన పిదప పట్టీ తీసి, అంచులను చేతితో, ఒక్క వ్రేలి ఒత్తిడితో, రెండు మూడు మాఱులు మాత్రమే ఒరయును. అమెరికాలో పెబుల్ బీచి యను చోట 1950 మొదలు జరుగు ప్రాచీన కార్ల ప్రదర్శనమువంటి సభలకు బండిని సిద్ధముచేయువారును, మన పట్టణములలో దినకూలికి కార్లు తుడుచు పిల్లలును ఈ ఒక్క విషయమున సమానులు. ఇద్దఱును చివరికి తలుపు తెఱచి, మోకాళ్ళపై కూర్చుండి, కీలుసందులో వ్రేలు పెట్టి చూడవలసినదే. ఒకనికి దానివలన బహుమానము, ఒకనికి యజమాని మెప్పైన ఉండదు, ఏలయన యజమాని ఆ కీలువంక ఎన్నడును చూడడు.

మనవారు మహర్నవమినాడు ఆయుధపూజ చేసి, కార్లను, లారీలను, ఆటోలను కడిగి, పూలమాలలు వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి తొక్కింతురు. సంవత్సరమునకు ఒక్కమాఱైన బండిని మూలమూలల కడుగు దినమది. క్లీనరునకు క్రొత్తబట్టలో, కొంత సొమ్మో దొరకు దినమును అదియే. అయితే పూజయందు బానెట్టుమీద పెట్టిన పసుపు కుంకుమలు మఱునాటి మంచుతో కరగి, అద్దము క్రింది సందులోనికి, పేరు అక్షరముల నడుమకు దిగును. కుంకుమ రంగు రబ్బరునకును తెల్లని పూతకును పట్టినయెడల వదలదు. దశమి ప్రొద్దుననే నీరు ధారగా పోసి, మెత్తని కుంచెతో ఆ సందులను తీయవలయును. గుడ్డతో తుడిచినచో మఱింత లోనికి పోవును.